ఎక్కిళ్ల పిల్ల

తోడేలు చర్మం దబ్బున టేబుల్ మీద పడింది. నెత్తురు ఫైళ్ల మీదికి పాకింది.

"ముందు తియ్యండి దాన్ని!" అటవీ అధికారిణి ముక్కు మూసుకుని లేచింది.

"ముద్ర వెయ్యండి, తీసేస్తా." వేటగాళ్ల సంఘం ప్రెసిడెంటు పుల్లతో పళ్లు కుట్టుకుంటూ ఎదురు కుర్చీలో కూలబడ్డాడు. "ఒకదానికి పర్మిట్ ఇచ్చారు, ఒకదాన్నే కొట్టాం. రూలంటే రూలే మాకు."

చర్మం మూతి దగ్గర వెంట్రుకలు నెరిసి ఉన్నాయి. ముసలిది. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"ఒకదాన్నేనా? మరి నిన్న రాత్రంతా ఆ కొండెక్కి గొంతు చించుకున్నా, ఒక్కటీ పలకలేదేం?"

తోడేళ్లను లెక్కపెట్టే పద్ధతి అదే. మనిషి ఊళ వేస్తే అవి బదులిస్తాయి. గొంతులు విడదీసి లెక్కేస్తారు. పది దాటితేనే ఒకదాన్ని చంపడానికి చట్టం ఒప్పుకుంటుంది. కిందటి నెల పదకొండు పలికాయి. మనసొప్పకపోయినా ఆమె సంతకం పెట్టింది.

"గుట్టుచప్పుడు కాకుండా అన్నిటినీ ఊడ్చేశారు కదూ? ఈ పిల్లని కూడా వదల్లేదా?"

ఫోన్‌లో ఆనాటి రికార్డు పెట్టింది. గది నిండా ఊళలు. చివర్లో ఒక లేత గొంతు మూడుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగింది. ఆ పిల్ల కోసమే ఆమె రోజూ ఆ రికార్డు వినేది.

ప్రెసిడెంటు కిసుక్కున నవ్వాడు.

"నవ్వండి. పర్మిట్ ఒకదానికి, చంపింది పదకొండు. పోలీసులొచ్చాక అందరూ కలిసి జైల్లో నవ్వుకుందురుగాని." ఆమె నంబరు నొక్కసాగింది.

అతని నోట్లో పుల్ల జారిపడింది.

"ఆగండమ్మా! ఒట్టు, మిగతా పదింటికీ ఏమీ కాలేదు. గుండ్రాళ్లలా ఉన్నాయి."

"ఎక్కడ?"

"ఇక్కడే. అయినా ఊళ వెయ్యకూడదని చట్టంలో ఎక్కడా లేదుగా?"

అతను కిటికీ తెరిచి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఊళ వేశాడు.

కింద లారీ చుట్టూ టీ తాగుతున్న అతని మనుషులు పదిమందీ గ్లాసులు దించారు. తలలెత్తి ఒక్కసారిగా బదులిచ్చారు. ఆ గొంతులన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

అందరికన్నా ఆఖరున, టైరుకి ఆనుకుని నిలబడ్డ బట్టతల బానపొట్ట మనిషి లేత గొంతుతో మూడుసార్లు ఎక్కిళ్లు పెట్టాడు.