పద్దెనిమిది అడుగుల పడవ

"ఏమ్రా కురుమూర్తీ, సముద్రం ఇంకెంత దూరముందిరా?"

వెంకట్రాములు ట్రాక్టర్ ఆపకుండానే అరిచాడు. వెనక ట్రాలీలో ఉన్న కూలీలు నవ్వారు. కురుమూర్తి తలెత్తలేదు. ప్లైవుడ్ అంచుకు చిత్రిక పడుతూనే ఉన్నాడు.

ఇద్దరూ ఒక తల్లి బిడ్డలు. గోపాల్‌పేట శివారులో పక్కపక్క చేన్లు. మధ్యలో ఇరవై అడుగుల పట్టీ. అది నాదంటే నాదని కోర్టుకెక్కారు. తేలేదాకా ఆ పట్టీలో ఎవరూ కొత్తగా రాయి కూడా పెట్టొద్దని కోర్టు స్టే ఇచ్చింది.

కేసుకు ముందే కురుమూర్తి తన భార్య బాలమణిని ఆ పట్టీలో ఓ పక్కన పూడ్చి సమాధి కట్టించాడు. కేసు గెలిచిన రోజే దాన్ని దున్ని పల్లి వేస్తానని వెంకట్రాములు ఊరంతా చెప్పుకున్నాడు. ఒకసారి ట్రాక్టర్ చక్రంతో సమాధి మూల విరగ్గొట్టాడు కూడా.

"చక్రం జారింది" అన్నాడు. నవ్వుతూ అన్నాడు.

ఆ నెలలోనే కురుమూర్తి పడవ మొదలుపెట్టాడు.

మామూలు పడవ కాదు. మధ్యలో ఒక పెద్ద డొప్ప, అటూ ఇటూ సన్నటి డొప్పలు రెండు. మూడింటినీ కలుపుతూ అడ్డదూలాలు. అంతా ప్లైవుడ్డే. లోపల ఒక మనిషి పడుకునే చోటు, స్టవ్ పెట్టుకునే అరుగు. నక్షా ఫోన్‌లో దించుకున్నాడు. హైదరాబాద్‌లో ఫర్నిచర్ పని చేసిన చేతులు కాబట్టి మిగతాది సాగింది. సోమశిల దగ్గర కృష్ణలో దించుతానని, ఇక అందులోనే బతుకుతానని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు.

తోడు పనిచేసే వడ్రంగి మల్లికార్జున్‌కు ఒకటే దిగులు.

"అన్నా, రోడ్డు దిక్కు మన చేన్ల అంత బండలే, వదినె సమాధిని తప్పిస్తే రోడ్డు దాకా మనకు మిగిలే తొవ్వ పదిహేనడుగులు. పడవ వెడల్పు పద్దెనిమిది. మీ అన్న చేన్ల మూడడుగులు తొక్కాలె. తొక్కనిస్తడా?"

"తొక్కనియ్యడు."

"మరి దూలాలు జర కురచ చేద్దాం."

"కురచ చేస్తే గాలికి బోర్ల పడ్తది. తెరచాప కొయ్య ముప్పై అడుగులుంది."

"కొయ్యనే తగ్గియ్యి. చాప చిన్నగ కుట్టిద్దాం. కొంపలేం మునగవు గద."

కురుమూర్తి వాడి చేతిలోని నక్షా లాక్కున్నాడు.

"చాప తగ్గది. పడవ తగ్గది. పని చేస్తే చెయ్, లేకుంటే పో."

మల్లికార్జున్ గొణుక్కుంటూనే ఉలి అందుకున్నాడు.

రెండేళ్లకు పడవ లేచింది. పెద్ద చాప, దాని ముందు చిన్న చాప, రెండూ ఎర్రవి. పల్లి చేను మీద అవి గాలికి ఉబ్బి నిలబడితే పెబ్బేరు సంతకు పశువులతో పోయే బండ్లు ఆగి చూశాయి. వెంకట్రాములు కూడా గట్టు మీద నిలబడి చూశాడు.

"శుక్రారం పెద్ద ట్రాలీ వస్తది" అన్నాడు కురుమూర్తి, అన్నకు వినపడేలా. "నీ చేన్లకెళ్లి మూడడుగులు పోతం. అడ్డం రాకు."

తెల్లారేసరికి ఇటుకలు దిగాయి.

పట్టీలో కడితే కోర్టు ఊరుకోదు. అందుకని పట్టీ అంచుకు ఆనించి, తన చేనులో, రోడ్డు దాకా గోడ లేపాడు వెంకట్రాములు. ట్రాలీ వచ్చేనాటికి గోడ మనిషెత్తు ఉంది. ఊరు పోగయింది.

"ఇప్పుడు తియ్యిరా నీ ఓడను" అన్నాడు. "పట్టీ నాదని సంతకం పెట్టు, నేనే గోడ కూలగొట్టి తొవ్వ ఇస్త. పెట్టకుంటే ఆ చాప కిందనే పండుకొని చావు."

సమాధి కావాలా, పడవ కావాలా. అందరూ కురుమూర్తి మొఖం చూశారు.

"పెట్టన్నా" అన్నాడు మల్లికార్జున్ మెల్లగా. "పోయినామెకు ఏం తెలుస్తది..."

కురుమూర్తి వాణ్ని పక్కకు నెట్టి గోడ దగ్గరికి నడిచాడు.

"గోడ కడ్తె సరిపాయెనా?" అన్నాడు కురుమూర్తి అన్నతో. "ఇది ఎవని భూమో ట్రాలీ డ్రైవర్‌కు ఏం ఎరుక? గుద్దుకుంట పోతడు. నీ పేరుందా దాని మీద?"

"పేరు గావాల్నా?" వెంకట్రాములు పళ్లు కొరికాడు. "గుడ్డోనికి గూడ కనవడేటట్టు రాయిస్త, ఆగు."

సాయంత్రానికి పెయింటర్ వచ్చాడు. గోడ నిండా నీలం అక్షరాలు: 'వెంకట్రాములు భూమి ఇక్కడి నుంచి మొదలు. పడవలకు దారి లేదు.' వెంకట్రాములు దాని పక్కన నిలబడి ఫోటో దిగాడు. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. గ్రూపంతా రాత్రి దాకా నవ్వే బొమ్మలే.

కురుమూర్తి ట్రాలీని వెనక్కి పంపాడు. చాపలు దించి మడత పెట్టాడు.

"రెండేండ్ల కష్టం" అన్నాడు మల్లికార్జున్. "నీళ్లు తగలకనే పాయె. నీకేం బాధ లేదా అన్నా?"

"నాకు ఈత రాదు" అన్నాడు కురుమూర్తి.

తర్వాతి వాయిదాలో కురుమూర్తి వకీలు జడ్జి ముందు పెట్టింది ఒక్క ఫోటోనే: సొంత ఇటుకలతో కట్టుకున్న హద్దు గోడ, తన భూమి ఎక్కడ మొదలో దాని మీద తానే రాయించుకుని పక్కన నవ్వుతూ నిలబడ్డ వెంకట్రాములు, గోడకు ఇవతల మూల విరిగిన బాలమణి సమాధి.