ఎవరూ చేర్చుకోని కారు

"వెనక ఎర్ర లైటు లేదు కదమ్మా. వానలో వెనకొచ్చేవాడికి మీ కారు ఎలా కనబడుతుంది?" అన్నాడు రేసుల నిర్వాహకుడు.

"లైటేగా, పెట్టిస్తాం," అంది గ్లెనిస్.

"రేడియేటరు కూడా చిన్నది."

"అదీ మారుస్తాం."

ఆయన ఆమె వైపు చూడకుండా గడ్డం గోక్కున్నాడు. "అసలు సంగతేమిటంటే, ఇది ఏ తరగతిలోకీ రాదు. కొండలెక్కడానికి ఎవరో షెడ్డులో కట్టుకున్న కారు. దీన్ని ఎవరి పక్కన నిలబెట్టను?"

"ఆ ఎవరో మా ఆయనే," అంది గ్లెనిస్.

ఎమ్లిన్ కారు ముక్కు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. "పద గ్లెన్, వాన వచ్చేలా ఉంది," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట వాదించలేదు.

ఆ పసుపుపచ్చ ఒంటి సీటు కారును ఎమ్లిన్ పెళ్లయిన కొత్తలో కట్టాడు. అప్పటినుంచి ఏటా కార్వెన్ కొండ మీద పోటీకి దిగేవాడు. కొండ పోటీలో ముందు ఎవరూ ఉండరు, వెనక ఎవరూ ఉండరు. ఒక్కొక్కరే ఎక్కాలి, గడియారంతోనే పోటీ. నిమిషంలోపే అయిపోయే ఆ పరుగు కోసం అతను ఏడాదంతా బతికేవాడు. పోయిన శరదృతువులో ఆ కొండ ఉన్న ఎస్టేటు చేతులు మారింది. కొత్త యజమాని దారికి గేటు పెట్టి, ఇక చాలన్నాడు.

వేరే కొండలు లేకపోలేదు. "ఆ కొండ కాకపోతే నాకింకే కొండా వద్దు," అన్నాడు ఎమ్లిన్. ఇక పొద్దస్తమానం షెడ్డులో రేడియో పెట్టుకుని కారు పక్కన కూర్చోవడమే. అడిగితే తప్ప మాట లేదు. అతని తండ్రీ అంతే. రాతి క్వారీలో పని మానేశాక కుర్చీలో కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. గ్లెనిస్‌కు అది గుర్తొచ్చినప్పుడల్లా గుండె జారిపోయేది.

"కొండ లేకపోతే ట్రాకులున్నాయిగా," అందొకరోజు.

"ఈ ముసలి బండిని ఎవడు రానిస్తాడే?" అని ఎమ్లిన్ నవ్వాడు. చాన్నాళ్లకు విన్న ఆ నవ్వునే ఆమె ఒప్పుకోలు అనుకుంది.

అప్పట్నుంచి తిరుగుడు. నడుం నొప్పని అతను రోడ్డు మీద డ్రైవింగ్ ఎప్పుడో మానేశాడు గనక, ట్రెయిలర్ లాగే వ్యానూ ఆమే నడిపేది. ఏ ట్రాకుకు వెళ్లినా, "నువ్వు బండి తిప్పి పెట్టు, నేను వాళ్లను పలకరించొస్తా," అని అతను ముందు దిగేవాడు. ఆమె వెళ్లేసరికి జవాబు సిద్ధంగా ఉండేది. ఒకచోట పెట్రోలు ట్యాంకు ఒక్క కొండకే సరిపోతుందన్నారు. పెద్దది వేయించింది. ఇంకోచోట బోల్తాపడితే తలను కాపాడే ఇనప కమ్మీ పొట్టిదన్నారు. వెల్డింగ్ చేయించింది. అన్నీ సరిగ్గా ఉన్నచోట ఖాళీ లేదన్నారు. చావింటికి పరామర్శకు వచ్చినవాళ్లలా అందరూ మెత్తగా మాట్లాడేవాళ్లు. కసిరి పంపినా ఆమెకు కాస్త నయంగా ఉండేది.

ఎర్ర లైటు లేదన్న రోజు తిరుగుదారిలో రోడ్డుపక్క హోటల్లో ఆగారు.

"ఏం తింటావ్? బోర్డు మీద చాలా ఉన్నాయి."

"నువ్వేది తింటే అదే." ఎమ్లిన్ టీ పోసుకున్నాడు. కప్పు నిండి సాసరులోకి పొర్లింది. గ్లెనిస్ అతని చేతిలోంచి కెటిల్ అందుకుని, కాగితంతో బల్ల తుడిచింది.

"వదిలెయ్ గ్లెన్. మనల్ని ఎవరూ రానివ్వరు."

"నీకు కోపం రాదేం?"

"దేనికి? వాళ్ల రూల్సు వాళ్లవి."

"నాకొస్తోంది. పోయిన పోటీలో నీలో సగం వయసు వాళ్లను వెనక్కి నెట్టావ్. ఇన్నేళ్లూ ఒక్కడివే ఎక్కడం చూశాను. ఒక్కసారి, పక్కన ఇంకో కారు ఉండగా నువ్వు నడిపితే చూడాలనుంది నాకు."

ఎమ్లిన్ కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. "ఆ ఒక్కటీ అడక్కు పిల్లా," అన్నాడు.

మిగిలింది ఒకే ఒక్క రేసుల సిరీస్. దేశానికి ఆ చివర, పాత విమానాల మైదానం చుట్టూ వేసిన ట్రాకు. దాని పేరు చెబితే, "అంత దూరమా, వద్దులే," అన్నాడు. అందుకని వెల్డర్ దగ్గరికని చెప్పి గ్లెనిస్ ఒక్కతే కారును తీసుకుని బయల్దేరింది.

అక్కడి నిర్వాహకుడు రోలండ్ టిల్. భారీ మనిషి. కారు కిందికి దూరి, పైకి లేచి, మోకాళ్లు దులుపుకున్నాడు.

"ఏ లోపమూ లేదు. చక్కటి కారు."

"అయితే చోటిస్తారా?"

"కారుకైతే ఇస్తానమ్మా."

"అంటే?"

"ఎమ్లిన్ ఫోన్ చేశాడు. మీరొస్తే ఏదో ఒక వంక పెట్టి పంపించెయ్యమన్నాడు. అన్నిచోట్లా అలాగే బతిమాలుకున్నాట్ట. మిగతావాళ్ల సంగతేమోగానీ, మీ మొహం చూసి అబద్ధం చెప్పడం నావల్ల కాదు."

గ్లెనిస్ ట్రెయిలర్ అంచు మీద కూలబడింది. ఎక్కిన మెట్లూ, దిగిన మెట్లూ, తను వేడుకున్న మనుషులూ కళ్లముందు తిరిగారు. ఆ తర్వాత కోపం వచ్చింది.

"ఎందుకట? భయమా? పోయినేడాది దాకా తడబడకుండా ఆ కొండెక్కిన మనిషండీ ఆయన. ఒక్క మలుపు తప్పలేదు."

టిల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ కొండ ఆయనకు కంఠస్థం అమ్మా, కళ్లు కనబడక రెండేళ్లయింది."