ఇద్దరిలో ఒకరు

విత్తనాలకని గోరంట్లకు పోయి వచ్చిన పుల్లన్న లోపలికి రాలేదు. వాకిట్లో తొట్టి దగ్గరే నిలబడి, గుడ్డలతోనే నెత్తిన నాలుగు చెంబులు గుమ్మరించుకున్నాడు. వారానికోసారి నీళ్లొచ్చే ఊళ్లో ఊరికే ఎవరూ అలా పోసుకోరు.

మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న అతని భార్య ఓబమ్మ తల తిప్పింది.

“ఎవరు పోయినారు?”

“షరీఫ్. మట్టి వేసొచ్చినా.”

ఓబమ్మ గొల్లుమంది.

షరీఫ్ గోరంట్లలో దర్జీ. బెంగళూరు ఆస్పత్రిలో రేడియేషన్ కరెంటు పెట్టించుకోవడానికి ఆరు వారాలు అతనూ ఓబమ్మా ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఇద్దరికీ ఒకటే జబ్బు, తొడలో కొవ్వుకు పట్టిన క్యాన్సర్. ఎన్నాళ్లుంటామని షరీఫే అడిగాడు. ఈ రకంలో ఐదేళ్లు దాటేది ఇద్దరిలో ఒకరని డాక్టరు దాచకుండా చెప్పాడు. పది బోర్లేస్తే ఒకటి పడే నేల మాది, రెండుకొకటంటే మేలే కదా అని షరీఫ్ నవ్వాడు.

“నువ్వే మిగుల్తావులే అక్కా, గట్టిదానివి,” అన్నాడు. అన్నాడు గానీ, మర్నాటి నుంచి మాటలు తగ్గించాడు.

ఓబమ్మ లెక్కలోనూ ఆ ఇద్దరూ ఆ బెంచీ మీదివాళ్లే. షరీఫ్ వయసులో ఉన్నవాడు, మిగిలేది అతనే. ఇల్లు చేరింది మొదలు కూడు సరిగా ముట్టలేదు, మళ్లీ పరీక్షలకు రానని మొండికేసింది.

ఏడ్చి ఏడ్చి ఆ పూట సంగటి అడిగింది. ఒకరి చావు తనకు ఆకలి పుట్టించిందే అని సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే రెండో ముద్ద పెట్టించుకుంది.

ఏడాది తిరిగేసరికి చేలో కలుపు తీస్తోంది. స్కానింగులో మచ్చ కూడా లేదన్నారు. షరీఫ్ భార్య ఖాతూన్‌బీని పలకరించి వస్తానంటే మాత్రం పుల్లన్న ఒప్పుకోడు.

“ఆరిన పుండు ఎందుకు గెలుకుతావు?” అంటాడు.

ఓబమ్మకు మనసు నిలవలేదు. ఖాతూన్ మొగుడి ఆయుష్షు తానే తిన్నట్టుండేది. ఒకరోజు పుల్లన్న కదిరికి పోగానే, సంచిలో రెండు శేర్ల వేరుశనగ బుడ్డలు పోసుకుని గోరంట్ల బస్సెక్కింది.

దర్గా వీధిలో ఆ ఇంట్లోంచి కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. పాపం, ఇప్పుడు ఖాతూనే కుడుతోంది కాబోలు అనుకుని, కళ్లు తుడుచుకుని తలుపు తోసింది.

మిషను ముందు షరీఫ్ కూర్చుని ఉన్నాడు.

ఆమెను చూసి లేవబోయాడు, లేవలేక గోడకు జరిగాడు. దయ్యమేమోనని ఆమె పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చూశాడు.

“నువ్వు పోయినావని ఖాతూన్ చెప్పిందే, అక్కా.”