చింతగింజలు

కంపెనీ పెట్టేవాళ్లందరికీ పెట్టుబడిదారులు ఇప్పుడు పట్టుదల సూది వేయిస్తున్నారు. అది పడ్డాక మనిషికి 'ఇక చాలు, మూసేద్దాం' అన్న ఆలోచనే రాదు. చింతపండులో గింజలు తీసే యంత్రం చేస్తానని మా ఆయన నరహరి కూడా వేయించుకున్నాడు. ఆ తర్వాత గింజల్లేని కాయలు కాసే చింతచెట్లే వచ్చేశాయి. పెట్టుబడి పెట్టినవాళ్లు వెళ్లిపోయారు. ఈయన మాత్రం వంటింటి పక్కగదిలో ఆ యంత్రానికి ఇంకా మరలు బిగిస్తూనే ఉన్నాడు.

ఆ సూదికి విరుగుడుంది. ఇవాళ మళ్లీ నర్సును ఇంటికి పిలిపించాను.

"ఇది వేయాలంటే మీరు మీ నోటితో ఒప్పుకోవాలి సార్," అంది ఆమె.

"ఇప్పుడెందుకు సిస్టర్? ఇప్పుడిప్పుడే దారిలో పడుతున్నాం," అన్నాడాయన నవ్వుతూ, పోయినసారి లాగే.

గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఆమె మెల్లగా అంది. "మానాలనిపించని మనిషి విరుగుడుకు ఎలా ఒప్పుకుంటాడమ్మా? మీరైనా మీ దారి చూసుకోండి."

తలూపి లోపలికొచ్చాను. సాయంత్రం యంత్రాన్ని పరీక్షించడానికి ఆయనకు గింజలున్న చింతపండు కావాలి. అది బజార్లో ఎక్కడా దొరకదు. పీట వేసుకుని కూర్చుని, డబ్బాలో దాచిన పాత గింజల్ని ఒక్కొక్కటే చింతపండులోకి కూరుతున్నాను.

నాకెవరూ ఏ సూదీ వేయలేదు.