అమ్మ అరుగు

మనుషుల బదులు యంత్రాలే గేములు ఆడిపెడుతున్న రోజులవి. సొంతంగా గేములు తయారుచేసే సత్తిరాజు మాత్రం ఒక్క మనిషైనా తన ఆట ఆడకపోతాడా అని ఏళ్లుగా ఎదురుచూస్తున్నాడు. ఆ ఆటలో ఒక అరుగుంది. పోయేముందు భార్య మంగతాయారు గీసింది. దానిమీద కూర్చుంటే పాయింట్లు రావు, అందుకే యంత్రాలు అక్కడ ఆగవు.

ఆ ఉదయం అతను ఉప్మా కలుపుతుంటే కూతురు కేకేసింది.

"నాన్నోయ్! అమ్మ అరుగు మీద ఎవరో కూర్చున్నారు. గంటైంది!"

సత్తిరాజు గరిటెతోనే పరిగెత్తుకొచ్చాడు. "మనిషే అయ్యుంటాడే!"

వివరాలు చూసిన కూతురి గొంతు తగ్గిపోయింది. "కాదు నాన్నా, యంత్రమే. కూర్చుని లేవలేకపోతోంది. మన కోడ్‌లోనే తప్పుంది. సరిచేసెయ్యనా?"

అతను గరిటె పక్కన పెట్టి తెర ముందు కూర్చున్నాడు.

"ఉండనీవే. ఇన్నాళ్లకి ఒకళ్లు కూర్చున్నారు. ఆ ఉప్మా మాడుతున్నట్టుంది, చూడు."