చందనకి తెలిసినవి

ఇప్పుడు మా వీధిలో కార్లన్నీ మాట్లాడతాయి. మా ఆయన మాత్రం తన కారుకి చందన అని పేరు కూడా పెట్టుకున్నారు.

ఆయన ఆఫీసు పని మీద అరకు వెళ్తుంటే, దారిలో అవసరపడే సామాన్ల సంచీ నేనే డిక్కీలో సర్దాను. జాకీ, టార్చి, తాడు, బ్యాటరీ అయిపోతే ఇంకో కారు నుంచి కరెంటు ఎక్కించే కేబుళ్లు పెట్టాను. చివర్లో పులిహోర డబ్బా పెట్టబోతే చందన మెత్తగా అంది.

"పులిహోర వద్దండీ. ఇంగువ పడక ఆయనకి గుండెల్లో మంటొస్తోంది."

"నాతో ఒక్కసారీ అనలేదే."

"మీరు నొచ్చుకుంటారనండి. నాతోనే చెప్పుకుంటారు."

డబ్బా పెట్టాను. కేబుళ్లు మాత్రం తీసి నా చీరల కింద దాచాను. ఘాట్ రోడ్డు మీద దాని నోరు పడిపోతే, ఆయన నాకే ఫోన్ చేస్తారు.