కల్తీ మంద

మోక ఊరి బస్సెక్కినప్పటి నుంచి వెంకటరత్నానికి ఒకటే గుబులు. లక్ష్మీకాంతమ్మ ముఖం ఎలా చూడాలి?

ఆమె గొర్రెల మందకు తాలూకా అంతటా పేరుంది. అసలైన బళ్లారి జాతి. విత్తనపు పొట్టేళ్లను ఆమె దగ్గరే కొనాలని సర్కారువాళ్లు అనుకున్నారు. జాతి పరీక్ష ఒక్కటే మిగిలింది. అది వెంకటరత్నం పని.

బెజవాడ నుంచి వచ్చిన లెక్కల మనిషి. గొర్రె తోకైనా ముట్టి ఎరగడు. రక్తంలోని జన్యువుల గుర్తులు పోల్చి, ఏది దేనికి దగ్గర చుట్టమో కంప్యూటర్ చేత కొమ్మలుగా గీయిస్తాడు. తొంభయ్యారులో ఆ జిల్లాకు అదో వింత.

రక్తం తెమ్మని తన సహాయకుడు హులిగెప్పను పంపాడు. కన్నడం మనిషి, తెలుగు అంతంతమాత్రం.

"పొట్టేళ్లు కొన్ని, ఆడవి కొన్ని చూసి తియ్యి."

"పొట్టేళ్లు, ఆడు. ఆయ్తు సార్" అన్నాడు హులిగెప్ప.

కంప్యూటర్ గీసింది చూసి వెంకటరత్నం నిర్ఘాంతపోయాడు. పొట్టేళ్లన్నీ ఒక కొమ్మన ఉన్నాయి. మిగతావన్నీ ఎక్కడో ఆమడ దూరాన! ప్రోగ్రాంలో తప్పుందేమోనని మళ్లీ నడిపాడు. మళ్లీ అదే. ఏం చేస్తాడు? తల్లులది వేరే జాతి అని రాసి పంపాడు. కొనుగోలు ఆగిపోయింది. కల్తీ మంద అని ఊరంతా గుప్పుమంది.

ఇప్పుడు హులిగెప్పను వెంటబెట్టుకుని ఆమె గడపలో నిలబడ్డాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె చాప వేసి మజ్జిగ ఇచ్చింది. తిట్టినా బాగుండేది.

"గొర్రెలేవమ్మా?"

"ఇంగేం గొర్రెలప్పా! మా మామ కాలం నుంచి కాపాడిన మంద. కల్తీ అన్యారు. నలుగుర్లో తలెత్తుకోలేక తల్లులనన్నీ కటికోళ్లకు తోలేస్తి. తప్పు యాడ చేసినానో నాకే తెలీదు."

ఆ తప్పు కూడా ఆమే నెత్తిన వేసుకుంటుంటే వెంకటరత్నానికి ఏడుపొచ్చినంత పనైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా నోరు ఊరుకోలేదు.

"ఆ ఆడవాటికే ఇంకొక్కసారి రక్తం తీసి చూసుంటే..." అని గొణిగాడు.

"దానికేం సార్, మనం రక్తం తీసిన ఆడు ఒక్కటీ అమ్మలే, అన్నీ ఈడే ఉండాయి!" అంటూ హులిగెప్ప హుషారుగా పెరట్లోకి పోయి, "ఇవే సార్ ఆడు" అని మేకలను తోలుకొచ్చాడు.